చుట్టాలొచ్చే ముందు రెండు రోజులు: కర్జికాయలు, నిప్పట్లు, చెనక్కాయ ఉండలు, కారం బొరుగులు

నిప్పట్లు చేసిన రోజు ఎవరింట్లోనైనా కరకరలాడతాయి. పదిహేనో రోజు డబ్బా మూత తీసినప్పుడు కూడా అదే చప్పుడు రావాలి. చుట్టాలు మనం చేసిన రోజే రారు కదా. దసరా సెలవులకు వస్తామన్న వదిన నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. హాస్టల్‌కు పంపిన డబ్బా పిల్ల దగ్గర రెండు వారాలుంటుంది. అందుకే ఈ వంటలన్నిటికీ నేను ఒకటే లెక్క పెట్టుకుంటాను: తడి ఎక్కడుంది, అది ఎప్పుడు బయటికి పోతుంది. పిండి కలిపేటప్పుడు నీళ్లు పోస్తాం, బాండ్లిలో ఆ నీళ్లన్నీ ఆవిరిగా పంపేస్తాం, డబ్బాలో పెట్టాక మళ్లీ లోపలికి రానివ్వం. ఉప్పూ కారం, తీపీ ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవచ్చు. తడి లెక్క మాత్రం తప్పకూడదు.

ఇవన్నీ మా అవ్వ దగ్గర నేర్చుకున్నవి. ఆమెకు కొలతలు ఉండేవి కావు. చారెడు, పిడికెడు, పట్టినన్ని, అంతే. నేను పక్కన కూర్చుని, ఆమె చేత్తో తీసి వేసిన ప్రతిదాన్నీ కాటాలో తూచి రాసుకున్నాను. తర్వాత అనంతపురంలో మా ఇంట్లో ఏళ్ల తరబడి చేస్తూ వాటిని సరిచూసుకున్నాను.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తాను. మేం కర్జికాయలనేవి కోస్తా వాళ్లకు కజ్జికాయలు. నిప్పట్లు వాళ్లకు చెక్కలు, బొరుగులు మరమరాలు. చెనక్కాయలంటే వేరుశనగలు, వొలిచిన గింజల్ని విత్తనాలంటాం. ఉట్టి 'పప్పులు' అన్నామంటే పుట్నాలు. అత్తిరాసాలు (అరిసెలు) ఇందులో చేర్చలేదు. వాటికి తడి బియ్యప్పిండి కావాలి, పాకం వేరు, లెక్కంతా తిరగబడుతుంది.

ముందు రోజు సాయంత్రం: విత్తనాలు

నాలుగు వంటల్లోనూ చెనక్కాయలు పడతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఎర్రనేలల్లో తరతరాలుగా పండిన పంట ఇది, మా వంటింటికి ఆధారం ఇదే. 1 కిలో విత్తనాలు తీసుకుంటే, ఏరి పొట్టు తీశాక అన్నిటికీ సరిపోతాయి. కాయలైతే కిలోన్నర వొలవాలి. అంగట్లో కొనేవాళ్లు పెద్ద గింజలకే ఎగబడతారు గానీ, ఈ పనికి నా ఓటు సన్న గింజలకే. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన కె-6 రకం లాంటివి దొరికితే చాలు. నిప్పట్టులో పెద్ద ముక్క పడితే ఒత్తేటప్పుడు అంచు చిట్లుతుంది.

చేటలో పోసి ఏరడం మీద బద్ధకించొద్దు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చగానో బూడిదరంగుగానో బూజు కనిపించినవి, పుచ్చులు అన్నీ తీసి పారేయాలి. కాయ ముదిరే రోజుల్లో వానలు మొహం చాటేస్తే నేలలోని ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గింజలోకి చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కోసిన తర్వాత సరిగా ఆరకపోయినా అంతే. అది కాలేయానికి చేటు. వేయిస్తే పూర్తిగా పోదు. కరువు సీమ కాబట్టి మనం దీన్ని ఇంకొంచెం గట్టిగా పట్టించుకోవాలి. తింటే చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయమని పిల్లలకూ నేర్పాలి.

వేయించేటప్పుడు మందపాటి బాండ్లి, సన్న సెగ. ఒక్కో వాయికి అర కిలో, 15 నుంచి 20 నిమిషాలు. చెయ్యి ఆపకుండా కలుపుతూ ఉంటే మొదట పచ్చి వాసన, తర్వాత చిటపటలు, ఆ తర్వాత కమ్మటి వాసన వస్తాయి. ఒక గింజ తీసి చల్లారనిచ్చి నలిపితే పొట్టు ఊడిపోవాలి, కొరికితే లోపల లేత గోధుమరంగు కనిపించాలి. ఆ రంగు పూర్తిగా ముదరకముందే దించేయండి. పళ్లెంలో పోసిన తర్వాత కూడా లోపలి వేడికి ఇంకాస్త వేగుతాయి. పెద్ద సెగ మీద పైపైన మాడినవి లోపల మెత్తగానే ఉండిపోతాయి, ఉండల్లో వేస్తే మూడో రోజుకే సాగుతాయి. చల్లారాక అరచేతులతో నలిపి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది.

ఆ రాత్రికే చెనక్కాయ ఉండలు

నూనె అక్కర్లేదు కాబట్టి వీటిని ముందు రోజు రాత్రే ముగిస్తాను. విత్తనాలు 500 గ్రాములు, బెల్లం 350 గ్రాములు, నీళ్లు అర గ్లాసుకు తక్కువగా, యాలకుల పొడి అర స్పూను, నెయ్యి 1 స్పూను. 30 ఉండల దాకా వస్తాయి. సగం గింజల్ని బద్దలుగా విరిస్తే ఉండ బాగా కుదురుకుంటుంది.

బెల్లం కొట్టి, ఆ నీళ్లతో కరిగించి, తప్పకుండా వడకట్టండి. ఎంత మంచి చిత్తూరు బెల్లమైనా అడుగున ఇసుక తగలొచ్చు. వడకట్టిన నీటిని మళ్లీ పొయ్యి మీద పెట్టాక అసలు పని మొదలవుతుంది. పాకం ముదరడమంటే నీళ్లు ఆవిరైపోవడమే. నీళ్లు తగ్గేకొద్దీ అది ఇంకా ఎక్కువ వేడి దగ్గర ఉడుకుతుంది. మొదట పెద్ద పెద్ద నురగ బుడగలు, తర్వాత చిన్నవై చిక్కబడి, రంగు ఒక చాయ ముదురుతుంది. పక్కన గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని అందులో ఒక చుక్క వేసి చూస్తూ ఉండాలి.

చుక్క నీళ్లలో కరిగిపోతే ఇంకా నీళ్ల పాకమే. వేళ్లతో పోగుచేస్తే మెత్తటి ముద్దయితే ఉండ పాకం. చాలామంది ఇక్కడే దించేసి తప్పుచేస్తారు. ఈ పాకంతో చేసిన ఉండలు ఆ పూటకు బాగుంటాయి, వారం తిరిగేసరికి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇంకో రెండు మూడు నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే ఆ ముద్ద గట్టిపడుతుంది, తీసి పళ్లెం మీద వేస్తే 'ఠంగ్'మంటుంది. అదీ మనకు కావలసింది. ఆ చప్పుడు విన్న వెంటనే నెయ్యి, యాలకుల పొడి వేసి, పొయ్యి ఆపి విత్తనాలు పోసి కలిపేయాలి. ఇంకాసేపు ఉంచితే బెల్లం మాడి చేదెక్కుతుంది.

ఉండ చుట్టేటప్పుడు చేతికి నీళ్లు రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నేను వద్దంటాను. అంతసేపు నిలబడి పాకంలోంచి పంపేసిన తడిని మళ్లీ మనమే అంటిస్తున్నాం. పొడి బియ్యప్పిండి అద్దుకుంటే చెయ్యి కాలదు, ఉండ అంటుకోదు. మొదట గరిటెతో కొంచెం కొంచెం తీసి పళ్లెంలో కుప్పలుగా పెట్టి, తట్టుకునే వేడికి రాగానే ఇద్దరు కూర్చుని గబగబా చుట్టాలి. గిన్నెలో మిగిలింది గట్టిపడితే సన్న సెగ మీద ఒక నిమిషం పెడితే మళ్లీ లొంగుతుంది. పాకం ఉడికే చోటికి చిన్నపిల్లల్ని రానివ్వొద్దు. చర్మానికి అతుక్కుంటే వేడి నీళ్లకన్నా లోతుగా కాలుతుంది.

పళ్లు లేని పెద్దవాళ్లు వస్తున్నారంటే నేను వేరేగా పది ఉండలు చేస్తాను. వేయించిన విత్తనాలు రెండు పాళ్లు, బెల్లం ఒక పాలు రోట్లో వేసి దంచితే చెనక్కాయల నూనెతోనే ముద్దవుతుంది. పాకం అక్కర్లేదు. వారంలోపు తినేయాలి. నన్నడిగితే రుచి వీటిదే.

రెండో రోజు పొద్దున: కర్జికాయలు

నూనె శుభ్రంగా ఉన్నప్పుడే తీపి వేయించుకోవాలి. నిప్పట్ల కారం, కరేపాకు వాసన పట్టిన నూనెలో కర్జికాయ వేస్తే దాని రుచి పోతుంది.

పూర్ణానికి: పప్పులు 150 గ్రాములు, ఎండు కొబ్బరి తురుము 100, వేయించిన విత్తనాలు 100, నువ్వులు 50, చక్కెర 150 గ్రాములు, యాలకులు 6. కొబ్బరి తురుమును, నువ్వులను విడివిడిగా సన్న సెగ మీద వేయించి, అన్నీ పూర్తిగా చల్లారాకే మిక్సీలో బరకగా పొడి చేయాలి. వేడి మీద తిప్పితే చెనక్కాయలు, కొబ్బరి నూనె వదిలి ముద్దకడతాయి. బెల్లం వేస్తే రుచి ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ బెల్లంలో తడి ఉంటుంది. ఆ తడి మెల్లగా పై పొరలోకి పాకి నాలుగైదు రోజుల్లో కర్జికాయను మెత్తబరుస్తుంది. పండగ రోజే అయిపోయేవాటికి బెల్లం, దాచేవాటికి చక్కెర: మా ఇంట్లో పద్ధతి ఇదీ. టెంకాయ పచ్చి కొబ్బరి మాత్రం ఈ పనికి పనికిరాదు.

పై పొరకు: మైదా 250 గ్రాములు (సగం గోధుమపిండి వేసుకున్నా పర్వాలేదు, కొంచెం గట్టిగా ఉంటాయి), సన్న రవ 2 టేబుల్ స్పూన్లు, చిటికెడు ఉప్పు, 2 టేబుల్ స్పూన్ల వేడి నెయ్యి. నెయ్యి పిండికంతా పట్టేలా నలిపాక, 110 నుంచి 120 మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పూరీ పిండి కన్నా కాస్త గట్టిగా కలిపి తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. ఆ అరగంటలో రవ నానుతుంది, పిండి సాగే గుణం తగ్గి చెప్పినట్టు వింటుంది.

నిమ్మకాయలో సగమంత చిన్న ఉండలు చేసి పల్చగా వొత్తండి. అచ్చులో పరిచి, మధ్యలో స్పూనున్నర పూర్ణం పెట్టి, అంచుకు తడివేలు రాసి నొక్కాలి. అంచు మీద పూర్ణం పొడి ఒక్క రేణువున్నా అక్కడ అతకదు. నూనెలో నోరు తెరుచుకుంటుంది, చక్కెర మాడి వాయంతా నల్లబడుతుంది. ఒకవేళ అలా జరిగితే ఆ వాయి తీసేసి, నూనె కాస్త చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి మళ్లీ మొదలుపెట్టండి. అదే నూనెలో కొనసాగిస్తే మిగతావాటికీ చేదు అంటుతుంది. చేసినవి ఆరిపోకుండా గుడ్డ కప్పి ఉంచి, పదేసి చొప్పున వేయించాలి. మొత్తం 35 దాకా అవుతాయి.

నూనె కాగిందో లేదో తెలియడానికి చిటికెడు పిండి వేయండి. అడుగుకు వెళ్లి రెండు మూడు సెకన్లలో మెల్లగా తేలితే కర్జికాయకు సరైన వేడి. వేసీ వేయగానే పైకి లేచి ఎర్రబడితే ఎక్కువైంది, పొర మీద బొబ్బలు వస్తాయి, లోపల పచ్చిగా ఉంటుంది. రెండు వైపులా తిప్పుతూ లేత బంగారు రంగు రాగానే తీసేయాలి.

నిప్పట్లు

బియ్యప్పిండి 500 గ్రాములు. పాత బియ్యం ఎంచుకోండి, రేషన్ బియ్యం బాగా కుదురుతాయి. కడగకుండా గుడ్డతో తుడిచి మరకు పంపిస్తాను. కడిగితే మాత్రం నీడన పూర్తిగా ఆరబెట్టాలి. దానికి పప్పుల పొడి 100 గ్రాములు, బరకగా దంచిన విత్తనాలు 100, బొంబాయి రవ 50, నువ్వులు 2 టేబుల్ స్పూన్లు, కారం 3 టీ స్పూన్లు, ఉప్పు 2 టీ స్పూన్లు, సన్నగా తుంచిన కరేపాకు, చిటికెడు ఇంగువ. కొందరు నానబెట్టిన శనగపప్పు వేస్తారు. చెనక్కాయలున్న చోట అది అనవసరం అనిపిస్తుంది నాకు. పైగా తడి సరిగా ఆరని పప్పు నూనెలో పేలి మొహం మీద చిందుతుంది.

పొడులన్నీ కలిపాక 4 టేబుల్ స్పూన్ల నూనె బాగా కాచి మధ్యలో పోయాలి. బుస్సుమనాలి. మొదట గరిటెతో, తర్వాత చేత్తో పిండికంతా పట్టించండి. ఈ నూనె పిండి రేణువుల చుట్టూ పొరలా చేరి అవి ఒకదానికొకటి బిగుసుకోకుండా ఆపుతుంది, అందుకే నిప్పట్టు గట్టిగా కాకుండా గుల్లగా విరుగుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తడితే రాలిపోవాలి. నిలవకపోతే ఇంకో స్పూను కాచిన నూనె. మరీ ఎక్కువైతే బాండ్లిలో వేయగానే విడిపోతాయి.

నీళ్లు గోరువెచ్చనివి, మొత్తానికి 250 నుంచి 300 మిల్లీలీటర్లు పడతాయి. అయితే పిండినంతా ఒకేసారి తడపొద్దు. నాలుగు భాగాలు చేసి, ఒక భాగం వేగుతున్నప్పుడు ఇంకోటి కలుపుకోవాలి. కలిపి పెట్టిన పిండి గంటసేపు ఉంటే రంగు మారుతుంది, ఆరిపోయి అంచులు చిట్లుతాయి, మళ్లీ నీళ్లు చల్లాల్సి వస్తుంది. అలా చల్లిన ముద్ద నూనె ఎక్కువ తాగుతుంది. ఒక్కదాన్నే చేసుకునే రోజైతే ఆరు భాగాలు చేస్తాను.

నిమ్మకాయ కన్నా చిన్న ఉండను నూనె రాసిన కవరు మీద పెట్టి, పైన ఇంకో కవరు వేసి గిన్నె అడుగుతో నొక్కండి. మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అంతటా ఒకేలా. మధ్యలో లావు, అంచున పల్చన ఉంటే అంచు మాడేసరికి మధ్య మెత్తగానే ఉంటుంది. ఫోర్కుతో మూడు నాలుగు చోట్ల గుచ్చితే పూరీలా పొంగదు. 50 దాకా వస్తాయి.

నూనె మధ్యస్థంగా కాగాక ఆరేడు వేసి, ఒక నిమిషం గరిటె పెట్టకుండా వదిలేయండి. తర్వాత తిప్పుతూ ఐదారు నిమిషాలు. ఇక్కడ రంగు చూసి మోసపోకండి, బుడగల్ని చూడండి. నిప్పట్టు చుట్టూ లేచే బుడగలన్నీ అందులోంచి బయటపడుతున్న నీళ్ల ఆవిరే. బుసబుసలు తగ్గి, చప్పుడు అణిగి, ఒకటీ అరా బుడగలు మిగిలినప్పుడే లోపలి తడి పోయినట్టు. రంగు వచ్చిందని బుడగలున్నప్పుడే తీస్తే, ఆ రోజు బాగుంటుంది, మూడో రోజు సాగుతుంది. గరిటెతో తట్టి చూడండి, పొడి చప్పుడొస్తుంది.

మొత్తం రెండు వంటలకూ లీటరు చెనక్కాయల నూనె చాలు. వేయించిన నూనెను వడకట్టి మూత పెట్టి వారంలోపు కూరలకు, తిరగబాతకు (పోపుకు) వాడేస్తాను. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె చెడిపోతున్నప్పుడు తయారయ్యేవి) పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి నల్లబడినా, చిక్కబడినా, వేడి చేస్తే నురగ తేలినా పారేయాల్సిందే.

కారం బొరుగులు, చివర్లో

ఉగ్గానికి (బొరుగుల ఉప్మాకు) బొరుగుల్ని నీళ్లలో తడిపి పిండుతాం. దీనికి సరిగ్గా దానికి ఎదురు. 200 గ్రాముల బొరుగుల్ని ఉట్టి బాండ్లిలో ఐదు నిమిషాలు సన్న సెగ మీద కలుపుతూ వేడి చేయండి, వేళ్లతో నలిపితే పొడి కావాలి. తీసి పక్కన పెట్టి, 4 టేబుల్ స్పూన్ల నూనెలో కచ్చాపచ్చాగా దంచిన తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు 10, ఎండు మిరక్కాయలు 4, రెండు రెమ్మల కరేపాకు కరకరలాడేదాకా వేయించాలి. తెల్లగడ్డలో తడి మిగిలితే బొరుగులన్నిటికీ పాకుతుంది, కాబట్టి అది ఎర్రబడేదాకా ఆగండి. వేయించిన విత్తనాలు 100 గ్రాములు, పప్పులు 100, అర స్పూను పసుపు, కారం, మెత్తటి ఉప్పు వేసి, పొయ్యి ఆపి బొరుగులు కలపండి. గల్లుప్పు వేస్తే అడుక్కు జారిపోతుంది.

డబ్బాలోకి

కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, బంధువులు వస్తున్నారని తెల్లవారుజామున నిప్పట్లు చేసి, గోరువెచ్చగా ఉండగానే డబ్బాకెత్తాను. మూత లోపలి వైపు నీటి చుక్కలు పట్టి, మర్నాటికల్లా యాభై నిప్పట్లూ మెత్తబడ్డాయి. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. వేయించడం ఎంత బాగా కుదిరినా, రెండు మూడు గంటలు ఆరనివ్వకపోతే చేసిందంతా పోతుంది.

ఆరబెట్టడానికి పాత పేపరు వాడొద్దు, అచ్చు సిరా వేడి నూనెకు అంటుకుంటుంది. ఉతికిన నూలుగుడ్డ పరవండి. పూర్తిగా చల్లారాక బిగుతు మూతున్న స్టీలు డబ్బాల్లో తీపి వేరు, కారం వేరు. పెద్ద డబ్బాను రోజుకు పదిసార్లు తెరవకుండా, రోజువారీ తినడానికి చిన్న డబ్బాలోకి తీసుకోండి. మా ఊళ్లో వేసవి ముందు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నిప్పట్లు మూడు వారాలు నిలుస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు ముసురు రోజుల్లో రెండు వారాలే అనుకోవాలి. చెన్నైలాంటి సముద్రం పక్క ఊరికి పంపేవాటిని పెద్ద డబ్బాలో కాకుండా నాలుగు చిన్న పొట్లాలుగా కట్టి పంపితే, ఒకటి తెరిచినా మిగతావి బాగుంటాయి.

బస్సులో పంపేటప్పుడు కర్జికాయల అంచులు విరగకుండా ఒక కిటుకు ఉంది. డబ్బా అడుగున ఉండలు, వాటి మీద నిప్పట్లు నిలువుగా, అన్నిటికన్నా పైన కర్జికాయలు, ఒక్కోటీ వేరే కవర్లో. సందుల్లో కారం బొరుగుల పొట్లాలు కూర్చేయండి. కుదుపులన్నీ బొరుగులు కాచుకుంటాయి, చేరాక వాటినీ తినొచ్చు.

పళ్లెం పెట్టేముందు ఒక మాట అడగండి: ఎవరికైనా చెనక్కాయలు పడవా అని. కొందరికి ఒక్క గింజ తిన్నా ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడదు. ఇక్కడ నాలుగింటిలోనూ అవి ఉన్నాయి. నాలుగైదేళ్లలోపు పిల్లలకు గింజలున్న ఉండ ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్లకు రోట్లో దంచిన ఉండ మెత్తగా చిదిపి పెట్టండి. చక్కెర జబ్బున్న పెద్దవాళ్ల పళ్లెంలో తీపి లేదే అన్న వెలితి తెలియకుండా, కారం బొరుగుల మీద సన్నగా తరిగిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), కొత్తిమీర వేసి, నిమ్మరసం పిండి ముందుగా వాళ్లకే ఇస్తాను. నిమ్మరసం పడ్డాక ఐదు నిమిషాల్లో తినేయాలి.

నిప్పట్లు మెత్తబడితే పారేయకండి. పెనాన్ని సన్న సెగ మీద వేడిచేసి, ఒక వరుసలో పేర్చి, రెండు వైపులా మూడేసి నిమిషాలు ఉంచి చల్లారనిస్తే చాలావరకు తేరుకుంటాయి. డబ్బా అడుగున మిగిలే విరిగిన ముక్కల్ని మాత్రం నేను దాచిపెడతాను. వాటిని చిదిపి బొరుగుల్లో కలిపి, ఎర్రగడ్డ, టమాటా, కారట్ తురుము, నిమ్మరసం చల్లితే బెంగళూరులో బండ్ల మీద అమ్మే నిప్పట్టు మసాలా తయారవుతుంది. చుట్టాలు తిరిగి వెళ్లే రోజు సాయంత్రం, బస్సుకు గంట ముందు, మా ఇంట్లో అదే చేస్తాం.